దీపం పెట్టినవాళ్ళు నూనె పోసే చోటు కూడా చూపించాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ ప్రసంగ పాఠం)

ముందు చాపల మీద కూర్చున్న మా హాస్టల్ పిల్లలకు ఒక మాట. మేము మాట్లాడినంతసేపూ గుసగుసలొద్దు. అయిపోగానే పులిహోర ఉంది.

మేము, మేము అంటున్నామని నవ్వుకోవద్దు. హాస్టల్లో ఏ పనీ వార్డెన్ ఒక్కతే చేయదు. వంటమ్మ ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, సాయంత్రం లెక్కలు చెప్పే ట్యూటర్ ఉన్నాడు. అందుకే మాకు ఆ మాట అలవాటైపోయింది.

ఏటా ఆగస్టు 9న సంఘం వాళ్ళు పిలిచి "విద్య గురించి మాట్లాడండి మేడమ్" అంటారు. మేము వస్తాం. బాగా చదవండి, చిన్న వయసులో పెళ్ళిళ్ళు వద్దు, సెల్‌ఫోన్ తగ్గించండి అని చెప్పి వెళ్తాం. మీరు చప్పట్లు కొడతారు. ఈసారి ఇంజనీర్ల గురించి మాట్లాడాలని వచ్చాం. దానికి కారణం ఉంది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యానాది పిల్ల పదో తరగతి పాసైతే హాస్టల్లో పాయసం వండేవాళ్ళం. ఇప్పుడు మా దగ్గర పెరిగిన పిల్లలు పాలిటెక్నిక్‌లో ఉన్నారు, బీటెక్‌లో ఉన్నారు. యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు డ్రాఫ్టర్ పట్టుకొని బస్సెక్కుతున్నారు. చదివిన చదువు ఎవరికి పనికి రావాలి అనే ప్రశ్న మన ఇళ్ళలో ఇంతకాలం లేదు. చదువే లేనప్పుడు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు వచ్చింది.

ఒక ఆదివారం హాస్టల్లో ప్రొజెక్టర్ పెట్టి స్వదేశ్ సినిమా వేశాం. 2004లో వచ్చిన హిందీ సినిమా. షారుఖ్ ఖాన్ నాసాలో ఇంజనీరు. తనను పెంచిన ఆవిడను వెతుక్కుంటూ ఒక పల్లెకు వస్తాడు. ఊళ్ళో కరెంటు సరిగా ఉండదు. ఊరివాళ్ళతో కలిసి కొండ మీది నీటితో కరెంటు పుట్టిస్తాడు. ఆ బల్బు వెలిగే సీనులో మా పిల్లలు ఈలలు వేశారు. సినిమా అయ్యాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి లేచి అడిగింది: "మేడమ్, నిజంగా ఇంజనీర్లు దుడ్లు తీసుకోకుండా పనిచేస్తారా?"

మంచి ప్రశ్న. ఆ పూటకు "చేస్తారమ్మా" అని తప్పించుకున్నాం. తరువాత కూర్చొని చదివాం. చదివింది మీకు చెబుతాం.

ఆ సినిమాకు స్ఫూర్తి అని చెప్పే ఊరు నిజంగానే ఉంది. పేరు బిల్గావ్. మహారాష్ట్రలో, నందుర్బార్ జిల్లా కొండల్లో, నర్మదలో కలిసే ఉదయ్ అనే ఏటి పక్కన ఉన్న ఆదివాసుల ఊరు. దాని వెనక ఉన్న మనుషుల్లో ఒకాయన ఇంటిపేరు వింటే మీకే తెలుస్తుంది. రవి కూచిమంచి. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ, 1991లో తోటి విద్యార్థులతో కలిసి అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్ అనే సంస్థ పెట్టారు. పొట్టిగా ఎయిడ్ అంటారు. చదువుకోడానికి పరాయి దేశం వెళ్ళిన పిల్లలు వారాంతాల్లో సమావేశమై, చందాలు పోగుచేసి, ఇక్కడి పల్లెల పనులకు పంపడంతో మొదలైంది. ఆయన, ఆయన భార్య అరవింద పిల్లలమర్రి తరువాత మన దేశానికి తిరిగి వచ్చి పనిచేశారు.

బిల్గావ్‌లో కొండ మీది నుంచి నీళ్ళు దూకే చోటు ఉంది. కేరళలోని పీపుల్స్ స్కూల్ ఆఫ్ ఎనర్జీ నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి, ఆ నీటితో కరెంటు తీయవచ్చని లెక్క కట్టారు. నీటికి చిన్న అడ్డుకట్ట వేయాలి. అక్కడి నుంచి కాలువ, కాలువ చివర ఒక తొట్టి. తొట్టి నుంచి గొట్టంలో నీళ్ళు కిందికి దూకి టర్బైన్‌ను తిప్పుతాయి. తిప్పేసిన నీళ్ళు మళ్ళీ ఏట్లోకే పోతాయి. ఎవరి పొలమూ మునగదు, ఎవరి ఇల్లూ పోదు. ఎయిడ్ వాళ్ళు డబ్బు సర్దారు. ఊరివాళ్ళు నెలల తరబడి శ్రమదానం చేశారు. రాళ్ళు మోశారు, కాలువ తవ్వారు. ఆ నడపడం కూడా ఊరి పిల్లలే నేర్చుకున్నారు. 2003 జనవరిలో ఊళ్ళో దీపాలు వెలిగాయి.

ఎంత కరెంటు? 15 కిలోవాట్లు. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు తిరిగేంత. మన పడమటి మండలాల్లో రైతులు నలుగురు అలాంటి మోటార్లు ఆన్ చేస్తే అయిపోయేంత. కానీ ఇంటికి అరవై వాట్ల చొప్పున పంచితే రెండు వందల యాభై ఇళ్ళలో దీపం వెలుగుతుంది.

సినిమా అక్కడితో ఆగుతుంది. బిల్గావ్ కథ ఆగలేదు. నర్మద మీద సర్దార్ సరోవర్ ఆనకట్ట ఎత్తును 2006లో 121.92 మీటర్లకు పెంచారు. ఆ ఏడు వానాకాలంలో వెనక్కి తన్నిన నీళ్ళు ఈ చిన్న కరెంటు కేంద్రాన్ని ముంచేశాయి. ఆ పెద్ద ఆనకట్ట కరెంటు సామర్థ్యం 1,450 మెగావాట్లు. అదీ ఇంజనీర్లు కట్టిందే, ఇదీ ఇంజనీర్లు కట్టిందే.

ఇది చెప్పినప్పుడు మా పిల్లలు ఈలలు వేయలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడున్న పెద్దవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఇప్పుడది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ అడవిలో తరతరాలుగా బతికినవాళ్ళు యానాదులు. తేనె, కట్టెలు, మందు వేర్లు, చేపలు, వాళ్ళ బతుకంతా ఆ దీవి. 1969లో ఆ చోటును రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. కుటుంబాలు కదిలాయి. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. ఈరోజు రాకెట్ పోతుందంటే మేము కూడా పిల్లలను హాస్టల్ మేడ ఎక్కించి చూపిస్తాం. చంద్రయాన్-3 పోయిన రోజు, 2023 జూలై 14న, మేమూ చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు నిజమైనవే. ఆ దీవి మన తాతలదని పిల్లలకు చెప్పేటప్పుడు గొంతు పట్టుకోవడమూ నిజమే. రెండూ ఒకే మేడ మీద జరుగుతాయి.

అందువల్ల మన పెద్దల మనసులో ఇంజనీరంటే కొలత గొలుసు పట్టుకొని వచ్చేవాడు. వచ్చి కొలిచాడంటే మనం మూట కట్టుకోవాలి. ఇంజనీరు మన ఇంటి నుంచే పుట్టడం ఇదే మొదటిసారి. మీరే ఆ మొదటివాళ్ళు. అందుకే ఇంత దూరం నుంచి మొదలుపెట్టాం.

ఇక కాలేజీ పిల్లల సంగతి. విదేశాల్లో ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు సెలవుల్లో వేరే దేశాల పల్లెలకు వెళ్ళి నీటి గొట్టాలు వేసి, వంతెనలు కట్టి వస్తుంటారు. అలాంటి ఒక పని సంగతి చెబుతాం. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ అమదే అనే ఆయన సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. మధ్య అమెరికాలో బెలిజ్ అనే చిన్న దేశం ఉంది. ఆ దేశ వ్యవసాయ శాఖకు చెందిన ఒకాయన పిలుపు మీద ఆయన 2000లో అక్కడి శాన్ పాబ్లో అనే ఊరికి వెళ్ళారు. మాయా ఆదివాసుల ఊరు. కరెంటు లేదు, కుళాయి లేదు. నీళ్ళు మోయడం ఆడపిల్లల పని. నీళ్ళు మోసే పిల్లలు బడికి పోరు.

ఈ వాక్యం దగ్గర మేము చదవడం ఆపేశాం. బెలిజ్ ఎక్కడ, మన సత్యవేడు ఎక్కడ! మా హాస్టల్ రిజిస్టర్‌లో బడి మానేసిన కారణం అనే గడి ఉంటుంది. అందులో "ఇంటి పని" అని రాస్తాం. ఆ రెండు మాటల్లో సగం నీళ్ళ బిందే.

మరుసటి ఏడు, 2001 మే నెలలో, ఆయన ఎనిమిది మంది విద్యార్థులను వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళారు. ఊరి దగ్గర జలపాతం ఉంది. ఆ నీటి బలంతోనే ఊరికి మంచినీళ్ళు అందే ఏర్పాటు చేశారు. ఇలాంటి చోట్ల ర్యామ్ పంపు అని ఒకటి వాడతారు. మెకానికల్ చదివే పిల్లలు వినండి. పల్లానికి జోరుగా పారే నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ దెబ్బకు కొంత నీరు పైకి ఎగదన్నుతుంది. రెండు కవాటాలు టకటకా కొట్టుకుంటూ రాత్రీ పగలూ అదే పని చేస్తాయి. డీజిల్ వద్దు, కరెంటు వద్దు. ఎక్కువ నీరు కిందికే పోతుంది, కొంచెం మాత్రమే పైకి ఎక్కుతుంది. కానీ ఆగకుండా ఎక్కుతుంది. శాన్ పాబ్లో పని మొత్తానికి, విమానం టికెట్లతో సహా, అయిన ఖర్చు 14,000 డాలర్లు. అప్పటి లెక్కన ఆరున్నర లక్షల రూపాయలు. ఆ అనుభవంతో ఆయన 2002లో ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థను అమెరికాలో మొదలుపెట్టారు. ఎల్లలు లేని ఇంజనీర్లు అని అర్థం. ఆ పేరుతోనే కెనడాలోనూ మన దేశంలోనూ సంస్థలున్నాయి.

ఇదంతా విని, ఆహా, తెల్లదొరలు వచ్చి ఉద్ధరించారు అనుకునేరు. ఇంకో కథ కూడా వినాలి.

ఆఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి పెట్టారు. పిల్లలు ఎక్కి గుండ్రంగా తిరిగే రంగులరాట్నం ఉంటుంది కదా, దాన్ని బోరుకు బిగించారు. పిల్లలు ఆడుతుంటే నీళ్ళు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! 2006లో అమెరికాలో పెద్ద పెద్దవాళ్ళు ముందుకొచ్చారు. 2010 నాటికి 4,000 పంపులు పెడతామన్నారు. ఒక్కోదాని ఖరీదు దాదాపు 14,000 డాలర్లు. శాన్ పాబ్లో ఊరి పని మొత్తానికి అయినంత! పెట్టాక ఏమైంది? పిల్లలకు ఆడాలనిపించినప్పుడు ఆడతారు, బడి గంట కొడితే వెళ్ళిపోతారు. నీళ్ళు కావలసినవాళ్ళు ఆడవాళ్ళు. అంతకుముందు చేతిపంపు కొట్టుకునే అమ్మలు, అవ్వలు ఇప్పుడు నడుములు వంచి రాట్నాన్ని తొయ్యాల్సి వచ్చింది. చెప్పినన్ని నీళ్ళు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని బ్రిటన్ పత్రిక గార్డియన్ 2009లో లెక్క కట్టింది. రోజుకు ఎన్ని గంటలో మా మూడో తరగతి పిల్లలు కూడా చెబుతారు.

ఆ పంపు గీసినవాళ్ళు చెడ్డవాళ్ళని మేము అనం. నీళ్ళు పట్టుకునే మనిషిని ముందుగా అడిగి ఉంటే, ఆ రాట్నం కాగితం మీదే ఆగిపోయేది.

దానికి ఎదురుగా మన ఊరి బోరింగును చూడండి. చేతిపంపు. మనం రోజూ కొట్టి కొట్టి దాని విలువ మరిచిపోయాం. ఇండియా మార్క్-2 అని దాని పేరు. 1970లలో మన దేశంలో తయారైంది. దాని మూలం షోలాపూర్‌లో సొంతంగా పని నేర్చుకున్న ఒక మెకానిక్ చేసిన పంపు. ఆ తరువాత అది ఆఫ్రికా దేశాలకూ పోయింది. అందులో ఒక చిక్కు ఉండేది. లోపల వాషర్ అరిగిపోతే గొట్టాలన్నీ పైకి లాగాలి, పెద్ద రెంచీలు, నలుగురు మగవాళ్ళు, ఒక జీపు కావాలి. జీపు వచ్చేదాకా ఊరు ఎండిపోవాల్సిందే. అందుకని మార్క్-3 అని ఇంకోటి చేశారు. దాంట్లో గొట్టాలు కదిలించకుండానే లోపలి పిస్టన్ పైకి తీయవచ్చు. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా బాగు చేసుకోవచ్చు. ఆ మార్పు వెనక ఎవరో ఒక ఇంజనీరు "ఇది చెడిపోతే ఈ ఊళ్ళో ఎవరు బాగు చేస్తారు?" అని ఆలోచించి ఉంటాడు. మా దృష్టిలో ఇంజనీరంటే ఆయన.

కెనడా ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ళు ఇంకో మంచి పని చేశారు. 2008 నుంచి "మా వైఫల్యాల నివేదిక" అని ఒక పుస్తకం వేయడం మొదలుపెట్టారు. ఫలానా ఊళ్ళో ఫలానా పని చేశాం, చెడిపోయింది, తప్పు మాది అని తామే రాసుకున్నారు. మన దగ్గర సావనీర్లు చాలా వస్తాయి, ఇది కూడా సావనీరే. ఇందులో తప్పుల పేజీ ఒకటి ఉండదు. ఈ ఏడు ఆ పేజీ మేము రాస్తాం అని సంపాదకులకు చెప్పాం. నవ్వారు. కానీ ఒప్పుకున్నారు.

వినండి.

శ్రీకాళహస్తి వైపు, స్వర్ణముఖికి కాస్త ఎడంగా ఒక యానాది కాలనీ ఉంది. ఊరి పేరు చెప్పం. కొన్నేళ్ళ కిందట ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఎన్ఎస్ఎస్ క్యాంపు పెట్టారు. కాలేజీ పేరూ చెప్పం. ఏడు రోజుల క్యాంపు. పిల్లలు ఉత్సాహంగా వచ్చారు, గుంతలు తవ్వారు, సోలార్ పలకలు బిగించారు. నాలుగు స్తంభాలు, నాలుగు లైట్లు, ఒక రేకుల షెడ్డులో రెండు బ్యాటరీలు. చివరి రోజు బ్యానరు, ఫోటోలు, శిలాఫలకం. ఆ రాత్రి కాలనీ అంతా వీధిలో కూర్చొని అన్నం తిన్నారు. పాము భయం లేకుండా పిల్లలు ఆడుకున్నారు. అంతవరకు ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

వచ్చిన యాభై మంది విద్యార్థుల్లో ఒకమ్మాయి మా హాస్టల్ పిల్ల. ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం. ఆ కాలనీలో మూడో ఇల్లు ఆమె చిన్నమ్మది.

ఆ పిల్ల ఏడు రోజులూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తోటి పిల్లలు "అబ్బా, వీళ్ళు ఎట్లా బతుకుతారో" అనుకుంటుంటే విన్నది. ఎలుకలు తింటారంట కదా అని ఒకడు నవ్వితే తల దించుకొని వైరు చుట్టింది. చిన్నమ్మ గుర్తుపట్టింది. పట్టకేం? ఎత్తుకొని పెంచిన పిల్ల. అయినా పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఇచ్చినట్టే గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చి, "తాగమ్మా" అని పక్కకు జరిగింది.

ఈ సంగతి ఆ అమ్మాయే మాకు చెప్పింది. చాలా నెలల తరువాత ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చి, వంటమ్మ పక్కన కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. మాకు కోపం వచ్చింది. "ఏమే, చిన్నమ్మను చిన్నమ్మా అనడానికి నోరు రాలేదా" అనబోయి ఆగిపోయాం. ఆ పిల్లకు నోరు మూసుకోవడం నేర్పింది ఎవరు? ఇంటర్మీడియట్‌కు పంపేటప్పుడు ప్రతి పిల్లకూ మేము చెప్పే మాట ఒకటి ఉండేది. "ఊరేదంటే చెప్పు. ఎవరి పిల్లవంటే మాట మార్చు." హాస్టల్ గదుల్లో, మెస్సులో వేరుగా చూస్తారని భయపడి చెప్పేవాళ్ళం. పిల్లలను కాపాడుతున్నామనుకున్నాం. ఇది మా తప్పుల పేజీలో మొదటి తప్పు. ఇందులో వంటమ్మకూ వాచ్‌మన్‌కూ వాటా లేదు.

లైట్ల సంగతికి వద్దాం. వేసవి దాటేదాకా బాగానే వెలిగాయి. వినాయక చవితి నాటికి మసకబారాయి. దసరాకు చీకటి. శిలాఫలకం మీద ఒక ఫోన్ నంబరు ఉంది. అది ఫైనలియర్ చదివే అబ్బాయిది. అతను చదువు ముగించి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తాడు, పాపం. "నేను ఇప్పుడు అక్కడ లేనండీ" అన్నాడు. అతను మాత్రం ఏం చేస్తాడు? కాలేజీకి పోయి అడిగితే ఆ క్యాంపు చూసిన సారు మారిపోయారన్నారు. పంచాయతీలో అడిగితే ఆ లైట్లు మా లెక్కలో లేవన్నారు. మేము కూడా ఆ కాలనీకి పిల్లల అడ్మిషన్ల కోసం రెండుసార్లు వెళ్ళాం. ఆరిపోయిన లైట్ల కింద నిలబడి మాట్లాడి వచ్చేశాం. పైకి చూడలేదు. అది రెండో తప్పు.

ఆ కాలనీలో ఒక అవ్వ ఉంది. ఆమె అన్న మాట ఇది: "దీపం పెట్టి పొయ్యినారు గానీ, నూనె యాడ పొయ్యల్లో చెప్పలేదు గదమ్మా."

అవ్వకు సోలారు తెలియదు. కానీ జబ్బు ఏమిటో సరిగ్గా చెప్పింది. ఆ షెడ్డులో పెట్టినవి నీళ్ళు పోసే రకం బ్యాటరీలు. మీ ఇళ్ళలో ఇన్వర్టరు ఉంటే తెలుస్తుంది, కొన్ని నెలలకొకసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన ఎండలకు ఇంకా తొందరగా తగ్గిపోతాయి. కుళాయి నీళ్ళు పోయకూడదు. నీటి మట్టం పలకల కిందికి పోతే బ్యాటరీ చచ్చిపోతుంది. సీసా నీళ్ళ ఖర్చు. ఆ ముక్క ఎవరూ ఎవరికీ చెప్పలేదు. షెడ్డుకు తాళం వేసి, తాళం చెవి పెద్దాయన ఇంట్లో ఇచ్చి, "ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది" అని వెళ్ళారు. మనవాళ్ళు మాట మీద నిలబడే మనుషులు. ముట్టుకోలేదు.

సంక్రాంతి సెలవులకు ఆ అమ్మాయి వచ్చింది. చేతిసంచిలో డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు, మల్టీమీటరు, రబ్బరు గ్లవుజులు. ఈసారి ఎవరితో చెప్పకుండా నేరుగా మూడో ఇంటికి పోయి "చిన్నమ్మా" అని పిలిచింది. చిన్నమ్మ ఏడ్చిందా అంటే లేదు. "అన్నం తిని పోయి చూడు, అవి యాడికీ పోవు" అనింది. తరువాత మాతో అన్నది: "ఆ పొద్దు అంతమందిలో నా బిడ్డ తల ఎందుకు దించల్ల మేడమ్, అందుకే పిలవలేదు." ఆమెకు అక్షరం రాదు. పిల్లను కాపాడడం ఆమెకూ వచ్చు, మాకూ వచ్చు అనుకున్నాం. ఆమె తన మనసు కష్టపెట్టుకొని కాపాడింది. మేము పిల్ల నోరు కట్టేసి కాపాడాం.

రెండు బ్యాటరీల్లో ఒకటి తేరుకుంది. రెండోది తేరుకోలేదు. బాగున్నదానికి రెండు స్తంభాలే తగిలించింది. ఒకటి బోరింగు దగ్గర, ఇంకోటి మరుగుదొడ్లకు పోయే దోవలో. ఏ రెండు వెలగాలో ఆమె తేల్చలేదు, ఆడవాళ్ళను అడిగింది. మగవాళ్ళు రచ్చబండ దగ్గర కావాలన్నారు. ఓడిపోయారు.

కాలనీలో తొమ్మిదో తరగతి చదివే ఇద్దరు పిల్లలకు మూత ఎలా తీయాలో, నీరు ఏ గీత దాకా పోయాలో, ఏది ముట్టుకుంటే ప్రమాదమో చూపించింది. షెడ్డు తలుపు లోపలి వైపు ఒక అట్ట కట్టింది. అట్ట మీద మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఒక మూల నీళ్ళు పోసిన తేదీలు. మేము పోయినప్పుడల్లా ఇప్పుడు ముందు ఆ తేదీలు చూస్తాం. ఒకసారి రెండు నెలలు ఆలస్యమైంది, తిట్టాం. నవ్వారు, పోశారు.

రెండో బ్యాటరీ ఇంకా రాలేదు. పదివేలు పైమాటే. ఇంటికి నెలకు యాభై వేస్తున్నారు. చేపలు దొరకని నెలలో కొందరు వేయలేరు. సంఘం పెద్దలు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి ఇంతకన్నా వివరంగా చెప్పం.

కాలేజీ పిల్లలకు ఇప్పుడు మా మాట. మీ కాలేజీ వాళ్ళు క్యాంపు అంటే పేరివ్వండి. ఎన్ఎస్ఎస్ 1969 నుంచి ఉంది, అది మీకోసం కూడా. మీలో ఎవరైనా రేపు వేరే దేశం పోయి చదివితే, అక్కడి విద్యార్థులతో కలిసి ఏ ఆఫ్రికా పల్లెకో గొట్టాలు వేయడానికి పోతే మాకెంత సంతోషమో! సుగాలి తండా పిల్ల పరాయి దేశంలో బోరు బిగించింది అంటే పాయసం కాదు, బూరెలే వండుతాం. కానీ ఆ ఊళ్ళో దిగినప్పుడు, మొదట బోరు దగ్గరికి కాదు, నీళ్ళు మోసే ఆవిడ దగ్గరికి పోండి. ఎప్పుడు మోస్తారు, ఎంత దూరం, చెడిపోతే ఇంతకుముందు ఎవరు బాగు చేసేవారు, ఆ సామాను ఏ సంతలో దొరుకుతుంది అని అడగండి. మద్రాసులో మాత్రమే దొరికే స్క్రూ అయితే ఆ మిషను ఆ ఊరికి వద్దని మీ సారుకు ఎదురు చెప్పండి. మార్కులు పోతే పోనీ.

మన కాలనీలకు ఎవరైనా వస్తే మనమూ అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇచ్చేవాళ్ళను అడిగితే ఏమనుకుంటారో అని మన పెద్దలు నోరెత్తరు. మీరు అడగండి. ఇది ఎవరి పేరు మీద ఉంటుంది? పంచాయతీ లెక్కలో ఎక్కిస్తారా? మాలో ఎవరికి నేర్పుతారు? మూడేళ్ళ తరువాత ఎవరికి ఫోన్ చేయాలి? సమాధానం లేకపోతే ఫోటో తీసుకునే ముందే చెప్పమనండి. బిల్గావ్ వాళ్ళ కరెంటు మునిగింది గానీ, కాలువ తవ్విన చేతులకు ఆ పని తెలుసు. మన కాలనీలో ఏమీ మునగలేదు, నీళ్ళు పోయడం తెలియక ఆరిపోయింది.

ఇప్పుడు కొత్త పిల్లలను పంపేటప్పుడు ఆ పాత మాట చెప్పడం మానేశాం. ఎవరి పిల్లవంటే చెప్పు అంటున్నాం. చెప్పినందుకు కష్టం వస్తే మాకు ఫోన్ చెయ్యి అని కూడా అంటున్నాం. ఫోన్లు వస్తున్నాయి. రాత్రి పదకొండుకు కూడా వస్తున్నాయి. కాలేజీకి పోయి మాట్లాడి వస్తున్నాం. కొన్నిసార్లు ఫలితం ఉంటుంది, కొన్నిసార్లు ఉత్త చేతులతో బస్సెక్కుతాం.

ఆ అమ్మాయి ఈ సభలో ఉందో లేదో మేము చెప్పం. వెనక్కి తిరిగి చూడొద్దన్నామా లేదా? ఆమె అనుమతి తీసుకునే ఇదంతా చెప్పాం. ఎలుకల మాట చెప్పాలా వద్దా అని అడిగితే, "చెప్పండి మేడమ్, కానీ ఆ అబ్బాయే తరువాత మల్టీమీటరు ఇచ్చాడని కూడా చెప్పండి" అనింది. చెప్పేశాం.

వచ్చే ఆదివారం ఇంకో కాలనీకి పోతున్నాం. అక్కడ ఎవరో దాత పెట్టిన మంచినీళ్ళ ఫిల్టరు ఒకటి మూలన పడి ఉంది. బాగవుతుందో లేదో తెలియదు, ముందు ఊరివాళ్ళకు అది కావాలో వద్దో అడగాలి. పొద్దున ఏడింటికి హాస్టల్ గేటు దగ్గర ఆటో. డిప్లొమా, బీటెక్ పిల్లలు రండి. సివిల్ వాళ్ళు మాకేం పని అనొద్దు, కాలువ పూడిపోయి ఉంది. స్క్రూడ్రైవరు, స్పానరు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. ఆటోలో ఎనిమిది మందికే చోటు, పేర్లు వాచ్‌మన్ దగ్గర రాయించండి.

పులిహోర వచ్చేసినట్టుంది. చాపల మీద నుంచి ఎవరూ లేవకండి, పొట్లాలు మీ దగ్గరికే వస్తాయి.